కంబళి లేచేలోపు

"ఆగరా. వాడి వీపు మీంచి మోకాలు తియ్యి."

ఇనాల్ తాత గొంతు పెద్దదేం కాదు. అయినా తలారి చేతులు ఆగిపోయాయి. అప్పటికే వింటినారి యెగెన్ మెడకు రెండు చుట్లు తిరిగి ఉంది. మొహం పచ్చి కాలేయంలా నల్లబడింది. మంచు కరిగిన బురదలో అతని వేళ్ళు గడ్డిదుబ్బుల్ని పట్టుకుని పీకుతున్నాయి.

పదడుగుల దూరంలో, బండి మీద చుట్టి పెట్టిన తెల్ల కంబళిని పట్టుకుని కుముష్ నిలబడి ఉంది. ఆ నారి కింద ఉన్నది తన తమ్ముడు. అమ్మ పోయాక వాణ్ణి మేకపాలు పట్టి పెంచింది తనే. 

"ఎందుకాపావు తాతా?" అన్నాడు రాకుమారుడు బుగ్రా. గుర్రం దిగలేదు. అతని ఎడమ చెంప మీద పట్టించిన బూడిద గట్టిపడి బెరడులా ఉంది. "చచ్చిపోయింది మా పెదనాన్న. ఈ దేశపు ఖగాన్. ఆయన మెడలో దొరికింది వీడు పేనిన నారి. ఇంకేం కావాలి?"

"వీడు పేనిన నారి నా వింటికీ ఉంది. నీ వింటికీ ఉంది. ఈ లోయలో నాలుగు వేల విళ్ళకుంది. అందర్నీ బోర్లా పడుకోబెట్టి మోకాళ్ళు పెడదామా?"

గుంపులో ఎవడో నవ్వబోయి దాన్ని దగ్గులోకి మార్చుకున్నాడు.

"పదకొండేళ్ళు తబ్‌గాచ్ రాజధానిలో ఉన్నాను," అన్నాడు బుగ్రా. "అక్కడ చక్రవర్తి కనుబొమ్మ కదిపితే చాలు. ఎందుకని అడిగేవాడుండడు. అడిగితే, ప్రశ్న పూర్తయ్యేలోపు తల కింద ఉంటుంది."

"అది అక్కడ బాబూ. అక్కడి జనం గోడల మధ్య ఉంటారు. తలుపేస్తే ఎక్కడికీ పోలేరు. మనవాళ్ళు అలా కాదు. నచ్చకపోతే రాత్రికి రాత్రి గుడారాలు పీకి గుర్రాలెక్కుతారు. పొద్దున లేచేసరికి నువ్వు వట్టి గడ్డికి ఖగాన్‌వి." ముసలాయన నేల మీద ఉమ్మాడు. "మనిషి ప్రాణం తియ్యాలంటే తొయ్ కూర్చోవాలి. తెగల పెద్దలంతా వినాలి. అది తోరె. మన తాతలు పెట్టిన కట్టు. మీ పెదనాన్న ఎన్నడూ దాన్ని దాటలేదు."

 బుగ్రా పెదవి ఒక పక్కకే నవ్వింది. రెండో పక్క బూడిద పట్టేసింది.

"తొయ్ ఇవాళే కదా. నడి పొద్దుకి నన్ను కంబళి మీద లేపి ఖగాన్‌ని చేస్తారు. లేపాక మొదటి ఆజ్ఞ నాది. అంతదాకా వీణ్ణి ఇలాగే ఉంచండి. నారి తియ్యక్కర్లేదు. వదులు చేస్తే చాలు."

యెగెన్ ఊపిరి లోపలికి లాగిన చప్పుడు చిరిగిన తోలుతిత్తిలా వినిపించింది. అతని కళ్ళు అక్కను వెతుక్కున్నాయి. కుముష్ చూపు తిప్పుకోలేదు. తిప్పుకుంటే వాడు పోతాడేమోనని భయం.

*

ఆ తెల్ల కంబళి కుముష్ చేతిదే. నేసింది కాదు. తెల్ల గొర్రెల ఉన్ని పరిచి, వేడినీళ్ళు పోసి, చుట్టి, రెండు రోజులు గుర్రాల వెనక దొర్లించి అదిమింది. ఆమె అమ్మమ్మ చేసిన కంబళి మీదే, ఇప్పుడు పోయిన ఇలిగ్ ఖగాన్ లేచాడు. నలుగురు నాలుగు కొనలు పట్టి, సూర్యుడు తిరిగే వైపు తొమ్మిదిసార్లు తిప్పుతారు. అయితే మొదట కంబళి చేసిన మనిషి అందరి ముందూ రెండు మాటలు అనాలి. ఈ కంబళికి రక్తపు మరక లేదు. దీని మీద కూర్చునేవాడికీ లేదు. ఆ మాట పడనిదే కొనలు ఎవరూ పట్టరు. పై నీలాకాశం కింద అబద్ధమాడి ఆ మాట అన్నవాళ్ళ వంశం నిలవదని కుముష్ తల్లి చెప్పేది.

నిన్నటిదాకా కుముష్‌కు ఆ మాట గురించి బెంగ లేదు.

గుడారంలోకి వచ్చి గిన్నెలో నీళ్ళు పోసింది.  తొమ్మిది రోజుల కింద ఖగాన్ డేగను తీసుకుని తెల్లవారుజామున ఒక్కడే ఊట దగ్గరికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి శవమై దొరికాడు. కొడుకులిద్దరూ ఇంకా పాలుమరవని వాళ్ళు. తర్వాతి వాడు తమ్ముడి కొడుకు బుగ్రాయే. అతను మూడు రోజుల దూరంలో చలికాలపు విడిదిలో ఉన్నాడు. కబురందుకుని మొన్ననే వచ్చాడు. వచ్చీ రాగానే గుర్రం దిగి, ఖగాన్ గుడారం వాకిట్లో మోకాళ్ళ మీద కూలబడి, దవడకు కట్టిన గుడ్డ లాగేస్తూనే కత్తితో చెంప కోసుకున్నాడు. కన్నీళ్ళూ నెత్తురూ కలిసి కారాయి. అలా నెత్తురివ్వని బంధువు వెంట చచ్చినవాడు పడతాడు. రోజూ వచ్చి గుండె మీద కూర్చుంటాడు. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ చెంపకు, నెత్తురు ఇంకా కారుతుండగానే, కాల్చిన ఉన్ని బూడిద అద్దింది కుముష్‌. నూట యాభై మంది చెంపలకు అద్దింది ఈ తొమ్మిది రోజుల్లో.

వాకిలి తెర కదిలింది.

"బయటుండండి," అని ఎవరితోనో అంటూ బుగ్రా లోపలికొచ్చాడు. తెర తనే దించాడు. "ఈ పట్టు మార్చు. పొంగింది. చీముతో కంబళి మీద కూర్చోలేను."

కుముష్ గిన్నె దగ్గరికి జరుపుకుంది. "కూర్చోండి దొరా."

గోరువెచ్చని నీళ్ళలో ఉన్ని ముంచి బూడిద మీద అద్దింది. బెరడు మెత్తబడింది. కింది కొసనుంచి మెల్లగా లేపింది. మొన్నటి గాటు కనిపించింది, ఎర్రగా, పెదవులు తెరుచుకుని. చీము తుడిచింది. ఇంకొంచెం పైకి లేపింది, చెవి దాకా.

ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

అక్కడ గాటు రెండుగా చీలింది. ఒకటి తడిగా, పచ్చిగా. రెండోది దాని కిందనుంచి పక్కకు తప్పుకుని చెవి తమ్మె వెనక్కి పోయింది. దాని పెచ్చు ఎండి, అంచులు రాలి, లోపల గులాబీ రంగు కొత్త చర్మం వచ్చేసింది. నూట యాభై చెంపలు చూసిన చెయ్యి అది. ఖగాన్ పోయిన రోజున కోసుకున్న వాళ్ళ చెంపలు ఇవాళ సరిగ్గా ఇలాగే ఉన్నాయి.

మొన్న వచ్చినవాడికి తొమ్మిది రోజుల గాటు.

చటుక్కున బుగ్రా చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. అతని రెండో చెయ్యి నడుము కత్తి మీద ఉంది. ఎప్పుడు వెళ్ళిందో ఆమె చూడలేదు.

"ఏం చూశావు?"

"చీము దొరా."

"ఇంకా?"

"లోతుగా కోసుకున్నారు. ఖగాన్ మీద అంత ప్రేమ మీకు."

అతని కళ్ళు ఆమె మొహమంతా తిరిగాయి.   పట్టు మెల్లగా వదిలాడు.

"నీ తమ్ముడు బతకాలా?"

ఆమె తల ఊపింది.

"కంబళి పరిచి, ఆ రెండు మాటలూ తడబడకుండా అను. సాయంత్రం వాడికో గుర్రమిచ్చి ఉత్తరపు అడవుల్లోకి తోలేస్తాను. తడబడ్డావంటే, వాడి తర్వాత నీదే ఆ నారి."

"ఒట్టు వెయ్యండి దొరా. ఇనాల్ తాత ముందు."

"ఎవరి ముందూ వెయ్యను." లేచాడు. "ఇక మీదట ఈ దేశంలో ఖగాన్ ఎవరి ముందూ ఒట్టు వెయ్యడు. ఆ పట్టుతాడు తంతు కూడా ఉండదు. కొత్త ఖగాన్ మెడ బిగించి ఎన్నేళ్ళు ఏలతావని అడగడమా? ఏ చక్రవర్తినైనా అలా అడిగారా ఎక్కడైనా? నా మాటే ఒట్టు. చాలదా?"

"చాలు దొరా."

అతను వెళ్ళాక కుముష్ నేల మీద కూర్చుండిపోయింది. చాలదు. ఆ మాట ఎంత తిప్పినా అక్కడికే వచ్చి ఆగింది. ఇలిగ్ ఖగాన్ మాట తప్పితే అడగడానికి తొయ్ ఉండేది, పెద్దలుండేవారు, చివరికి ఆయన భార్య ఖాతూన్ ఉండేది. వీడు తప్పితే అడిగేదెవరు? అడగడమనేదే లేకుండా చేస్తానంటున్నాడు. ఎవరికీ జవాబు చెప్పని వాడి మాటకు పూచీ ఎక్కడుంది? సాయంత్రం గుర్రం అన్నాడు. సాయంత్రానికి తమ్ముడుంటాడా? ఆ గాటు చూసిన తనుంటుందా?

*

కంబళి మోసుకెళ్ళడానికి సుంగుర్ వచ్చాడు. నాలుగు కొనల్లో ఒకటి పట్టేది అతనే. కబుర్లు మోసే వాడు; నోరు ఊరుకోదు.

"ఏం కుముషక్కా, గొర్రె మొత్తాన్నీ చుట్టేశావా ఇందులో? నా నడుం విరిగితే మా ఆవిడ నిన్నే అడుగుతుంది."

"సుంగుర్," అంది కుముష్, కంబళి తాడు సర్దుతున్నట్టు తల వంచి. "ఖగాన్ పోయిన కబురు రాకుమారుడికి చెప్పింది నువ్వేగా?"

"నేనే. ఆ సాయంత్రమే బయల్దేరి నాలుగో రోజు పొద్దుటికి చేరాను. రెండు గుర్రాలు చచ్చాయి."

"ఆయన చెంప మీద అప్పటికి ఏమైనా దెబ్బ ఉందా?"

"చెంప కనిపిస్తే కదా. పన్ను నొప్పని దవడ నుంచి చెవి దాకా గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడకు పన్ను నొప్పొస్తే పక్క లోయ వాళ్ళు లేచి కూర్చుంటారు. ఈయన మూలుగైనా లేదు." సుంగుర్ గొంతు తగ్గింది. "ఒక్కటి మాత్రం నాకు వింతగా ఉండిపోయిందక్కా. మీ పెదనాన్న పోయాడయ్యా అన్నాను. ఎవరైనా ఏమంటారు? ఎలా పోయాడంటారు. ఆయన అడగలేదు. గుర్రాలు సిద్ధం చెయ్యమన్నాడు."



ఇప్పుడంతా కళ్ళకు కట్టింది. తెల్లవారుజాము, ఊట, ఖగాన్ వీపు. వెనకనుంచి నారి. కత్తి కాదు, మామూలు మనిషైతే పొడిచి పారిపోయేవాడు. రాజవంశపు నెత్తురు నేల మీద పడకూడదని జాగ్రత్తపడ్డవాడు ఆ వంశం వాడే. పని అయిపోయింది. కాళ్ళ దగ్గర శవం, కళ్ళు తెరుచుకుని. చుట్టూ ఎవరూ లేరు. అప్పుడు పట్టుకుంది అతనికి భయం. తబ్‌గాచ్‌లో పదకొండేళ్ళు పట్టుబట్టలు కట్టినా, తోరెను ఎగతాళి చేసినా, ఆ క్షణంలో అతను ఈ గడ్డి మీద పుట్టినవాడే. చచ్చినవాడికి ఇవ్వాల్సిన నెత్తురు ఇవ్వకుండా అక్కణ్ణుంచి కదలలేకపోయాడు. అక్కడే, శవం ముందే, చెంప కోసుకున్నాడు.

మళ్ళీ అదే గాటు మీద అందరి ముందూ కోసుకోవాల్సి వచ్చింది.

"అక్కా, మొహం ఏంటలా ఉంది?"

"ఏం లేదు. కొన గట్టిగా పట్టుకో," అంది కుముష్. "నేను చెప్పేదాకా లేపకు."

*

సూర్యుడు నడినెత్తికొచ్చాడు. తెగల పెద్దలు సగం చంద్రుడిలా కూర్చున్నారు. ఖాతూన్ తన భర్త ఖాళీ ఆసనం పక్కన, తన ఆసనంలో ఉంది. ఆమె రెండు చెంపల మీదా గాట్లు ఎండి పెచ్చులు కట్టాయి. ఒక పక్కగా యెగెన్ మోకాళ్ళ మీద ఉన్నాడు. మెడలో నారి. దాని కొస తలారి చేతిలో.

కుముష్ కంబళి పరిచింది. మంచులా తెల్లగా, మచ్చ లేకుండా పరుచుకుంది.

బుగ్రా నడిచొచ్చాడు. అతన్ని చూసి గుంపు గుసగుసలాడింది. చెంప మీద బూడిద లేదు. పచ్చి నెత్తురు గడ్డం మీంచి కారుతోంది.

"పెదనాన్న గుర్తొచ్చాడు," అన్నాడు అందరికీ వినపడేలా. "దుఃఖం ఆగలేదు. మళ్ళీ కోసుకున్నాను."

కొందరు ముసలివాళ్ళు తలలూపారు.  తను చూసిన చీలికను కోసి పారేశాడు. సాక్ష్యం పోయింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు.

కంబళి మీద కూర్చున్నాడు. నలుగురూ వంగి కొనల మీద చేతులు పెట్టారు.  ఎక్కడో గుర్రం సకిలించింది.

"చెప్పు తల్లీ," అన్నాడు ఇనాల్ తాత.

కుముష్ నోరు తెరిచింది. తమ్ముడి వైపు చూసింది. వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు, ఎందుకో వాడికే తెలియాలి.

"ఈ కంబళికి రక్తపు మరక..."

అప్పుడే బుగ్రా గడ్డం కొసనుంచి ఒక చుక్క జారింది. తెల్ల ఉన్ని మీద పడి, చిన్న ఎర్ర నాణెమంత పరుచుకుంది.

"లేదని చెప్పలేను తాతా," అంది.  "మరక ఉంది. అందరూ చూస్తూనే ఉన్నారు. కూర్చున్నవాడికి కూడా ఉంది."

 బుగ్రా తల పక్కకు తిప్పాడు. "తలారీ. లాగు."

తలారి చెయ్యి బిగిసింది. యెగెన్ గొంతులోంచి కీచుమన్న శబ్దం వచ్చింది.

"వదులు చెయ్యరా," అంది ఖాతూన్, కూర్చున్న చోటు నుంచే. "బుగ్రా, నాయనా, కిందకి చూసుకో. కంబళి ఇంకా నేల మీదే ఉంది."

"పెద్దమ్మా, ఇది దొంగ వెధవ అక్క. తమ్ముడి కోసం ఏమైనా అంటుంది."

"అననీ. మీ పెదనాన్న మెడకు పట్టుతాడు బిగించి ఎన్నేళ్ళు ఏలతావని అడిగింది ఇనాల్ మామ. ఆయన కళ్ళు తేలేస్తూ పదమూడన్నాడు. పన్నెండో ఏట చంపేశారు. ఇంకో ఏడాది ఆయనకు మనం బాకీ." ఖాతూన్ పక్కనున్న ఖాళీ ఆసనం మీద చెయ్యి వేసింది. "ఇక్కడ ఖగాన్‌ని కూడా అడుగుతారు. కాబోయేవాణ్ణి అడగరా? చెప్పవే కుముష్."

కుముష్ చెప్పింది. ముందు తడబడుతూ, తర్వాత ఆగకుండా. పన్ను నొప్పి గుడ్డ. ఎలా పోయాడని అడగని మనిషి. అది నిజమేనా అని ఇనాల్ తాత అడిగితే సుంగుర్ కొన వదలకుండానే, "నా పిల్లల మీద ఒట్టు, అడగలేదు," అన్నాడు.

"పొద్దున నా గుడారంలో చూశాను," అంది కుముష్. "ఆ చెంప మీద రెండు గాట్లున్నాయి. ఒకటి మొన్నటిది. రెండోది ఖగాన్ పోయిన నాటిది. అందుకే ఇవాళ మళ్ళీ కోశాడు. ఏడ్చి ఎవరైనా రెండుసార్లు కోసుకున్నారేమో, పెద్దలు మీరు చెప్పండి. నేను చూడలేదు."

"అబద్ధం," అన్నాడు బుగ్రా. "చెంప నిండా ఒకటే గాటు. చూసుకోండి."

"చెంప మీద ఒకటే. కానీ పాత గాటు చెవి తమ్మె వెనక్కి పోయింది. అద్దంలో చూసి కోసుకునేవాడికి అది కనపడదు."

ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే, ఎవరూ ముట్టుకోకుండానే, బుగ్రా చెయ్యి దానంతటదే లేచి చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడ తడిమింది. మధ్యలో అతనికి తెలిసొచ్చి ఆపాడు. ఆలస్యమైంది. రెండొందల మంది చూశారు.

సుంగుర్ తన కొన వదిలేశాడు. దాని వెనక రెండోది. మూడోది. నాలుగో మనిషి బుగ్రా సొంత మనిషే. అటూ ఇటూ చూసి, వాడూ వేళ్ళు తెరిచాడు.

ఇనాల్ తాత కర్ర ఊతంతో లేచాడు. మొహంలో నెత్తురు లేదు. ఆయన కూడా భయపడుతున్నాడని కుముష్‌కు అప్పుడు అర్థమైంది.

"తల్లీ, ఇలా చూడు. రాజవంశపు మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యాలంటే తోరెలో ఒకటే దారి. నేరం మోపేవాళ్ళు పేరు నోటితో చెప్పాలి. వేలు చూపిస్తే చెల్లదు. పేరు చెప్పాక నేను ఆ చెవి వెనక చూస్తాను. అక్కడ ఏమీ లేకపోతే, నీ తమ్ముడి మెడలో నారి నీ మెడకొస్తుంది. నేను కూడా ఆపలేను. తెలిసిందా?"

"తెలిసింది తాతా."

బుగ్రా మెల్లగా అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేంత మెల్లగా: "ఆలోచించుకో. గుర్రం ఇంకా సిద్ధంగానే ఉంది."

 యెగెన్ మెడ మీద నారి కోసిన గీత కనిపిస్తోంది, సన్నగా, ఎర్రగా. దాని పైన వాడి కళ్ళు. పాల కోసం ఏడ్చినప్పుడు కూడా అలాగే చూసేవాడు.

తల ఎత్తింది. పైన ఆకాశం అంచు నుంచి అంచు దాకా నీలంగా, మబ్బు లేకుండా ఉంది. దాని కింద, తెగలన్నీ వినేలా, ఆమె అంది.

"ఊట దగ్గర ఇలిగ్ ఖగాన్ మెడకు నారి బిగించింది నా తమ్ముడు కాదు. ఈ కంబళి మీద కూర్చున్నవాడు. బుగ్రా."